కాళహస్తి మీదుగా ఇంటికి

మా అన్నకు రోడ్డు పిచ్చి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప చిత్తూరు దాటని మనిషి, రిటైరయ్యీ కాకముందే చరిత్ర పరిశోధకుడైపోయాడు. నెత్తిన ఒక టోపీ, చేతిలో సెల్‌ఫోను తగిలించిన కర్ర. కలకత్తా నుంచి మద్రాసుకు పోయే పాత రోడ్డు ఉందే, దాన్ని తానే దగ్గరుండి వేయించినట్టు మాట్లాడతాడు. ఏ దొర ఎక్కడ బంగళా కట్టించాడో, ఏ ఊరి దగ్గర చింతచెట్లు కొట్టేశారో మీకు కావాలంటే చెప్తాడు. అక్కర్లేదన్నా చెప్తాడు.

"ఈ రోడ్డు మనుషుల్ని కలిపింది" అనేది ఆయన ఊతపదం. కలకత్తాలో బయల్దేరేటప్పుడు ఫోను ముందు నిలబడి అన్నాడు. కటకంలో అన్నాడు. శ్రీకాకుళం దాటాక ఒక టీ బంకు ముందు, ఎవరూ అడక్కుండానే అన్నాడు. టీ కాసే ఆమె "అలాగా బాబూ" అని గ్లాసులు కడుక్కుంది. తునికి ఇవతల ఒక పల్లెలో పాత మైలురాయి దొరికితే, దాని మీద అంకె కనబడ్డం లేదని పసుపూ కుంకుమా రుమాలుతో తుడిచేశాడు. ఆ వీధి ఆడవాళ్లకు అది మైలురాయి కాదు, అమ్మవారు. వాళ్లు చీపుళ్లు పట్టుకుని వస్తుంటే చరిత్ర పరిశోధకుడు పంచె ఎగ్గట్టి కారులోకి దూకాడు. ఆ ముక్క మాత్రం వీడియోలో లేదు.

పోయేటప్పుడు కొత్త రోడ్డులో రయ్యిమని పోయి, వచ్చేటప్పుడు పాత రోడ్డును వెతుక్కుంటూ రావడం ఆయన పథకం. కారు తోలేది ఆయనే. పక్క సీటులో మా వదిన. ఆ తల్లి పెళ్లయిన నాటి నుంచి ఊఁ అనడం తప్ప ఇంకో మాట నేర్చుకోలేదు. వెనక సీటులో పులిహోర డబ్బాలు, నీళ్ల క్యాన్లు, నేను. కర్ర పట్టుకుని ఆయన్ను వీడియో తీసేందుకు ఒక మనిషి కావాల్సొచ్చి నన్ను బతిమాలాడు. బడిపిల్లల అల్లరి భరించి భరించి రిటైరైనదాన్ని, ఈయన అల్లరి కూడా భరించాలా? ఛీ పో అనేదాన్నే. కానీ నాకొక పని ఉంది.

"చివరి రోజు మధ్యాహ్నం తిరుచానూరులో అక్కింట్లో కూర్చుని అన్నం తింటానంటే వస్తా. లేకుంటే నీ కట్టె నువ్వే పట్టుకో" అన్నాను.

టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "సరేలేమ్మే. తింటాలే" అన్నాడు.

అక్క మా ఇద్దరికన్నా పెద్దది. అమ్మ మంచానికే అంటుకుపోయిన రోజుల్లో అన్నను చంకనేసుకుని తిరిగింది, ముక్కు తుడిచింది, బడికి లాక్కుపోయింది. పెద్దయ్యాక ఒక బస్సు డ్రైవర్ను చేసుకుంది. మంచివాడు, నెమ్మదైనవాడు, ఒక్క చుక్క తాగనివాడు. కానీ క్రైస్తవుడు. మా నాయన "ఈ గడప తొక్కితే నా శవం చూస్తావు" అన్నాడు. ఆమె తొక్కలేదు. తర్వాత నాయన పోయాడు. పోతూ పోతూ చిత్తూరులో ఇల్లుతో పాటు ఆ పంతాన్ని కూడా అన్నకు అప్పగించి పోయాడు. అన్న ఇంటికి రంగులు మార్చాడు, మేడ మీద నాకొక వాటా కట్టించాడు. పంతాన్ని మాత్రం ఉన్నదున్నట్టు కాపాడుకుంటూ వచ్చాడు.

బావ బతికినంత కాలం తిరుపతి నుంచి నెల్లూరుకు బస్సు తోలాడు. ఆ రోడ్డు మీదే ఆయన జుట్టు నెరిసింది. రోడ్డంటే ప్రాణం పెట్టే మా అన్న ఆయనతో ఒక్క మాట మాట్లాడి ఎరగడు. బావ పోయిన రోజున కూడా గేటు బయట నిలబడి, పూలదండ నా చేతికిచ్చి లోపలికి పంపాడు. ఆ దండ నేను వేస్తుంటే అక్క నా భుజం మీదుగా గేటు వైపే చూసింది. ఆ రాత్రి నాతో ఒకే మాట అంది: "నేను పొయ్యేలోపల వాడు ఒక్కసారి నా ఇంట్లో కూసోని అన్నం తినాల మే. ఇంకేం అడగను."

అందుకని ఎండల్లో ఆ కర్ర మోశాను. అక్క రోజూ సాయంత్రం ఫోను చేసేది. "యాడిదాకా వచ్చినారు?" అని మొదలుపెట్టేది. రాజమండ్రి అంటే సంతోషం, ఒంగోలు అంటే ఇంకా సంతోషం. తర్వాత వంట సంగతి. "మాంసం వండిన గిన్నెలంటాడేమో మే, వాటిల్లో వండితే తినడేమో" అని కొత్త గిన్నెలు కొనింది. ఉల్లిపాయ వెయ్యనా వద్దా అని అడిగింది. ఒకరోజు గొంతు తగ్గించి, "హాల్లో ప్రభువు పటం ఉండాది గదా. తీసి లోపల పెట్టేదా?" అంది.

"తీసినావంటే నేనే రాను" అన్నాను. నాకు ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. ఆ పక్కనే హోటలు గదిలో మా అన్న కాళ్లు చాపుకుని తన వీడియో తానే చూసుకుంటున్నాడు. మనుషుల్ని కలిపిన రోడ్డు గురించి.

చివరి రోజు పొద్దున నెల్లూరులో దోసెలు తిని బయల్దేరాం. నాయుడుపేట దగ్గర కారు కుడివైపు తిప్పాడు. పాత రోడ్డు నేరుగా మద్రాసుకు పోతుంది. అన్ని రోజులు దాన్ని నెత్తినెత్తుకున్న పెద్దమనిషి, ఇంటికి దగ్గర దారి కనబడగానే చరిత్రను నాయుడుపేటలో దించేశాడు. "మిత్రులారా, ఇక్కడితో మన మహాప్రస్థానం..." అని ఫోను ముందు మొదలుపెట్టాడు. మహాప్రస్థానమంటే చావడానికి పోవడమని చెప్పాను. "ఆ ముక్క తీసెయ్" అన్నాడు.

కాళహస్తి గోపురం కనబడగానే బండి నెమ్మదించింది.

"ఏంది ఆపుతా ఉండావు?" అన్నాను.

"ఇంత దూరం క్షేమంగా వచ్చినాం. గోపురం ముందర చిన్న వీడియో. అంతే."

"అన్నా, ఈడ గుడిలోకి పోతే ఇంక ఎవురింటికీ పోయేదానికి లేదు. తెలుసు గదా నీకు?"

"లోపలికి ఎవురు పోతారు మే? గోపురం దగ్గరే" అన్నాడు.

మా వైపు ఈ సంగతి ఎవర్నడిగినా చెప్తారు. కాళహస్తికి జనం పోయేది రాహుకేతు దోషం వదిలించుకోవడానికి. వదిలించుకున్నాక నేరుగా సొంతింటికి పోవాలి. మధ్యలో ఇంకో గుడికి పోకూడదు, చుట్టాల గడప తొక్కకూడదు. తొక్కితే వదిలిన దోషం మళ్లీ పట్టుకుంటుందంటారు. అందుకే జనం కాళహస్తిని అన్నింటికన్నా చివర పెట్టుకుంటారు. అక్కింటికి పోవాల్సిన రోజున, అక్కింటి కంటే ముందు, పనిగట్టుకుని కాళహస్తిలో దిగే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

కారు దిగాక ఫోను, కర్ర నా చేతిలో పెట్టి, "చెప్పులు విడిచొస్తాం" అని వదినను తీసుకుని పోయాడు. పోయిన మనిషి రాడే! ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు గనక పిలిచే దారీ లేదు. ఫోనూ కర్రా సామాన్ల కౌంటరులో అప్పగించి, ఆయన్ను వెనక్కి లాక్కొద్దామని లోపలికి పరుగెత్తాను. క్యూలో పడితే వెనక్కి తిరిగే సందు ఉండదు గదా. ముందు వాళ్లు లాగారు, వెనక వాళ్లు తోశారు. చివరికి చూస్తే దీపాల ముందు చేతులు జోడించుకుని నేనూ నిలబడి ఉన్నాను. నాకు ముందు నాలుగు తలల అవతల మా అన్న టోపీ లేని బోడితల. కళ్లు మూసుకుని, పరమ శాంతంగా ఉన్నాడు.

బయటికొచ్చాక నుదుటి నిండా విభూతితో కారు తోలుతున్నాడు. స్వర్ణముఖి ఏటి ఇసుక దాటాం, ఏర్పేడు దాటాం. అప్పుడు నాటకం మొదలైంది.

"అయ్యయ్యో! కాళహస్తి పోతే ఇంక ఎవురింటికీ పోగూడదు గదమ్మే? మరిచే పోయినా సూడు!" అని స్టీరింగు మీద ఒక దెబ్బ కొట్టాడు.

ఏం నటన! నాకు నవ్వొచ్చింది, కడుపు మండింది, రెండూ ఒకేసారి. ఎన్నో వందల ఏళ్ల కిందటి సత్రాల పేర్లు గుర్తుంటాయి, కాళహస్తి సంగతి గుర్తుండదు!

"నేను చెప్తా ఉండంగానే గదా పోతివి?"

"ఇప్పుడు అనుకోని ఏం లాభం? దైవ నిర్ణయం. అక్కకు ఫోను చేసి చెప్పేయ్. ఇంకోసారి వస్తామని."

"నేను చెప్పను. కొత్త గిన్నెలు కొని వండింది ఆమె. ఆమె మొహం చూసి నువ్వే చెప్పు. ఫోనులో కాదు."

"నీకేమన్నా పిచ్చా?"

"పిచ్చే. తిరుచానూరుకు తిప్పకపోతే రేణిగుంటలో డోరు తీసి దూకేస్తా" అన్నాను. బడిలో ఎవర్నీ కొట్టకుండానే క్లాసంతా గడగడలాడించిన గొంతు నాది. రిటైరైనా అది పాడవలేదు. వదిన వెనక్కి తిరిగి నన్ను చూసి, తర్వాత మొగుణ్ని చూసి, "తిప్పండి" అంది. ఆ ప్రయాణం మొత్తంలో ఆమె అన్న మొదటి మాట అదే అనుకుంటాను. అన్న ఉలిక్కిపడి తిప్పాడు.

లాడ్జీలు, పూలంగళ్లు దాటాక ఒక ఇరుకు సందు. అక్క గేటు పట్టుకుని నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. గేటు ముందు ముగ్గు వేసి ఉంది. ఆ ఇంటి ముందు ముగ్గు నేను అంతకుముందు చూడలేదు.

అన్న కారు దిగలేదు. అద్దం కిందికి దించాడు.

"అక్కా, కాళహస్తిలో దిగాల్సొచ్చింది. దర్శనం అయిపోయింది. ఇంక నీకు తెలుసు గదా... ఎవురింటికీ పోగూడదు" అన్నాడు. ఫోను ముందు గంటలు గంటలు గ్రాంథికం దంచే మనిషికి అక్క ముందు మాట సగంలో ఆగిపోయింది.

అక్క ఆయన నుదుటి మీద విభూతి చూసింది. ముగ్గు చూసింది. "అట్లనా" అంది. "దర్శనం బాగా అయిందా?" అని అడిగింది.

ఆ మాట విన్నాక నేను ఆగలేకపోయాను. డోరు తీసుకుని దిగి గేటు తోశాను. "నేనొస్తా ఉండా అక్కా. నాకు అన్నం పెట్టు. ఏ దోషం వస్తాదో రానీ, నేను సూసుకుంటా."

అక్క గబగబా మెట్లెక్కి వాకిలికి అడ్డంగా రెండు చేతులూ చాచింది. "వద్దుమే! నీకు దణ్ణం పెడతా. నువ్వు కూతురూ మనవడూ ఉండేదానివి. ఏమన్నా అయితే నేను తట్టుకోలేను."

"నువ్వు గూడా ఇవన్నీ నమ్ముతావా?"

"నేను యాడ పుట్టినాను మే? అమ్మ ఇవన్నీ చెప్పింది నాకే గదా ముందు" అంది. చర్చికి పోయినంత మాత్రాన చిన్నప్పటి భయాలు ఎక్కడికి పోతాయి? మాకేమైనా అవుతుందని తన ఇంటికి తానే అడ్డం నిలబడింది. లోపల నుంచి నెయ్యి వాసన వస్తోంది. కారులో ఆయనగారు, సమస్య తీరిపోయింది గదా అన్నట్టు, అద్దంలో విభూతి సవరించుకుంటున్నాడు. ఆ నిమిషంలో ఆ టోపీ, ఆ కర్ర, ఆ కారు అన్నీ కలిపి స్వర్ణముఖిలో పారేయాలనిపించింది.

"ఒక్క నిమిషం ఉండండి" అని అక్క లోపలికి పోయింది. తాగడానికి నీళ్లు తెస్తుందేమో అనుకున్నాను. గిన్నెల చప్పుడు వినబడింది. చాలాసేపు వినబడింది. తర్వాత ఒక చేతిలో పెద్ద క్యారియరు, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన గిన్నె, చంకలో చీరల సంచితో బయటికొచ్చింది. సామాను మెట్టు మీద పెట్టి, తలుపు లాగి తాళం వేసింది. రెండుసార్లు లాగి చూసింది.

"యాడికక్కా?" అన్నాను.

"కాళహస్తి నుంచి నేరుగా ఇంటికే పోవాల గదా? పదండి. నేనూ ఇంటికే వస్తా."

అన్న నోరు తెరిచాడు. "అట్ల... అట్ల గాదు అక్కా..."

"మీరు ఎవురింటికీ పోగూడదు. ఎవురూ మీ ఇంటికి రాగూడదని యాడన్నా ఉండాదా?" అంది. గొంతు పెంచలేదు. చిన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగకుండా సతాయించేవాణ్ని చూసినట్టు చూసింది. "ఉంటే చెప్పురా. నాయన చెప్పింది నాయనతో పాయె. ఇప్పుడు నువ్వు చెప్పు. రావద్దు అను. తాళం తీసుకుని లోపలికి పోతా."

ఆయన అనలేదు. అనడానికి గుండె ఉండాలి. ఇంతకాలం గేటు బయట నిలబడి, మొహం తిప్పుకుని, పూలదండలు పంపించి బతికిన మనిషికి ఆ ఒక్క మాట మొహమ్మీద అనే ధైర్యం ఎక్కడిది? చెమట పట్టింది. విభూతి కారి కనుబొమల్లోకి దిగింది. వదిన మాత్రం కారు దిగి ముందు డోరు పట్టుకుని నిలబడి, "ముందర కూసోండి వదినా, మీకు కాళ్లు చాపుకునేదానికి బాగుంటాది" అంది. అది రెండో మాట. క్యారియరు తానే అందుకుని నా పక్కన వెనక్కి వచ్చి కూర్చుంది.

చంద్రగిరి వచ్చింది. కొండ మీద కోట కనబడింది. కోటను చూస్తే గంట మాట్లాడే మనిషి తల తిప్పకుండా తోలాడు. కర్ర నా ఒళ్లోనే ఉంది, ఎవరూ అడగలేదు. అక్క కిటికీలోంచి చూస్తూ, "రోడ్డు బాగా వెడల్పు చేసినారే. మీ బావ సూసింటే సంతోషపడేవాడు" అంది.

చిత్తూరులో మా ఇంటి ముందు కారు ఆగింది. అన్న తాళం తీసి లోపలికి పోయాడు. వదిన చెంబుతో నీళ్లు తెచ్చింది, అక్క కాళ్లు కడుక్కుంది. అంత ధైర్యంగా కారెక్కిన మనిషి గడప ముందుకు రాగానే నిలబడిపోయింది. ఎదురుగా హాల్లో నాయన ఫోటో. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నేను చెయ్యి పట్టి లాగబోయాను. వదిన నా మోచేయి పట్టుకుని ఆపింది. లోపల నిలబడ్డ మొగుడి వైపు చూసింది. ఆయనకు తప్పించుకునేందుకు ఇంకే గుడీ మిగల్లేదు.

"లోపలికి రా అక్కా" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు. "అన్నం సల్లారిపోతాది."

ఆకలేసి అన్నాడో, సిగ్గేసి అన్నాడో నాకు తెలియదు. మారిపోయాడని మీరనుకుంటే మీ ఇష్టం, నేననుకోను. అక్క మాత్రం ఏదీ ఆలోచించలేదు. ఆ గడప దాటింది. దాటాక గోడకానుకుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

తర్వాత కొత్త గిన్నెలు విప్పి నేల మీద వరసగా పెట్టింది. అలసంద వడలు, పప్పు, ఉర్లగడ్డ వేపుడు, పూర్ణం పెట్టి కాల్చిన ఓళిగలు. ఒక్క ఉల్లిపాయ ముక్క లేదు. అన్న తల ఎత్తకుండా తిన్నాడు. ఓళిగ మీద నెయ్యి పోస్తూ "ఇంకొకటి ఎయ్‌మంటావా?" అని అడిగితే విస్తరి ముందుకు జరిపాడు. సిగ్గులేని కడుపు. మూడోసారి కూడా జరిపాడు.

మర్నాడు పొద్దున అక్కను తిరుపతి బస్సెక్కించడానికి అందరం పోయాం. అన్న సంచి మోశాడు. అంతకుముందు రాత్రే తన చివరి వీడియో అందరూ చూసేలా నెట్‌లో పెట్టేశాడు. నాయుడుపేట, కాళహస్తి గోపురం, ఆ తర్వాత నేరుగా చిత్తూరులో మా ఇంటి గేటు. మధ్యలో తిరుచానూరు లేదు. ఈ రోడ్డు మనుషుల్ని కలిపింది అని చివర్లో మళ్లీ అన్నాడు.

బస్సు కదలబోతుంటే అక్క కిటికీలోంచి చెయ్యి చాచి ఆయన చొక్కా కాలరు సరిచేసింది.

"ఈసారి మా ఇంటికొచ్చేటప్పుడు కాళహస్తి మీద రాబాకురా" అంది. "పాకాల మీద రా. అదే దగ్గర."